పందొమ్మిదో మెడ

ఆవిడకు అసలు పేరు ఒకటుంది గానీ క్లినిక్‌లో దాన్ని వాడినవాళ్ళు లేరు. అందరికీ ఆవిడ గొంతులమ్మ. ఇరవై రెండేళ్ళుగా ఒకటే గది, ఒకటే పని. పట్టపగలు గదిని చీకటి చేసుకుని, వచ్చినవాళ్ళ మెడ మీద చల్లని జెల్ పూసి, అరచేతిలో ఇమిడే స్కానింగ్ ప్రోబ్‌ను దాని మీద ఆనించి, థైరాయిడ్‌లో గడ్డలేమైనా ఉన్నాయా అని తెర మీద చూడటం. లోకంలో అందరూ మొహాలు గుర్తుపెట్టుకుంటారు. ఈవిడకు మొహాలు నిలవవు. బజారులో ఎవరైనా పలకరిస్తే ఆవిడ చూపు ముందు కాలరు దగ్గరికే పోతుంది. 'కుడివైపు రెండు నీటిబుడగలు, పోయినేడాది' అని లోపల అనుకుని, పైకి మాత్రం "బాగున్నారా, పిల్లలు బాగున్నారా" అంటుంది. పిల్లలున్నారో లేదో ఆవిడకెలా తెలుసు? ఏదో ఒకటి అనాలి కదా.

భర్త దర్జీ. క్లినిక్ నుంచి నాలుగు వీధులవతల చిన్న దుకాణం. "మెడ నేను బయట కొలుస్తాను, మా ఆవిడ లోపల కొలుస్తుంది. ఇక తప్పించుకునే దారేదండీ" అని గిరాకీలతో పరాచికాలాడుతూ ఉంటాడు. ఊరందరికీ చొక్కాలు అమర్చే ఆ మహానుభావుడి సొంత చొక్కాకు మాత్రం ఒక బొత్తం ఎప్పుడూ ఊడే ఉంటుంది. రోజుకోసారైనా టేపు కనబడటం లేదని దుకాణమంతా తిరగేస్తాడు. అది ఆయన మెడలోనే వేలాడుతూ ఉంటుంది. "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికాడట మీలాంటివాడే" అని గొంతులమ్మ దాన్ని లాగి చేతిలో పెడుతుంది.

గడ్డ అనగానే మనుషులకు సగం ప్రాణం పోతుంది. నిజానికి నూటికి తొంభైకి పైగా గడ్డలు ఏమీ చెయ్యవు, మనిషితో పాటు ముసలివై పోతాయి. మిగిలిన ఆ కొన్నింటిని పట్టుకోవడమే విద్య. అది నీటి గడ్డా, గట్టి గడ్డా? ఎంత నలుపు? అంచులు నున్నగా ఉన్నాయా, గరుకుగా ఉన్నాయా? లోపల సూదిమొనంత తెల్లని చుక్కలున్నాయా? అన్నిటికీ మించి, అడ్డంగా పడుకుని ఉందా, నిలువుగా లేచి ఉందా? ఒక్కోదానికి ఇన్నని మార్కులు వేస్తారు. బడిలో మార్కులు పెరిగితే సంబరం, ఇక్కడ ఏడుకు చేరితే సూది పరీక్ష. గొంతులమ్మకు పని నేర్పిన పెద్దావిడ ఒక మాట అనేది: "పడుకున్నదాన్ని పడుకోనియ్యి, నిలబడ్డదాన్ని నిలదియ్యి."

చూసేది తనే అయినా చెప్పేది తను కాదు. బొమ్మలు లైను మీద ఊరికి అవతలి చివర కూర్చున్న డాక్టరమ్మకు వెళ్తాయి. ఆవిడ చదివి, మార్కులు వేసి, రిపోర్టు పంపిస్తుంది. అది మర్నాడు పొద్దున కౌంటరు దగ్గర అచ్చవుతుంది. అందుకే మంచం మీద పడుకున్న ప్రతి మనిషీ చీకట్లో అడిగే ప్రశ్నకు గొంతులమ్మ దగ్గర ఒకే జవాబు.

"ఏమైనా ఉందా అమ్మా?"

"రిపోర్టులో వస్తుంది."

ఏమీ లేకపోయినా అదే మాట. ఉన్నా అదే మాట, అదే గొంతు. ఒకప్పుడు ఒక బస్సు కండక్టరమ్మకూ అలాగే చెప్పింది. నిలబడ్డ గడ్డ అది, తెర మీద చూడగానే తెలిసిపోయింది. ఆ మనిషి రిపోర్టు తీసుకోవడానికి రాలేదు. కాగితం సొరుగులోనే ఉండిపోయింది. రెండేళ్ళకు తిరిగొచ్చినప్పుడు ఆవిడకు గొంతు లేదు. పాతికేళ్ళు బస్సంతా వినబడేలా అరిచిన మనిషి చేతి సైగలతో మంచినీళ్ళు అడిగింది. ఆ రోజు నుంచి గొంతులమ్మ ఒక్క రిపోర్టును కూడా సొరుగులో నిద్రపోనివ్వదు. సాయంత్రం అయ్యేసరికి తీసుకోనివాళ్ళందరికీ తనే ఫోను చేస్తుంది. "ఈవిడకు లేని దురద" అని వెనక నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఆవిడకేం పట్టదు.

పొద్దున్నే ఏడూ ముప్పావుకు వెనక తలుపు తాళం తీసుకుని లోపలికి వచ్చేస్తుంది. ముందు షట్టరు ఎనిమిదింటికి గానీ లేవదు. కోటు వేసుకుని, గదిలో యంత్రం పెట్టి, ప్రోబ్‌కు కాస్త జెల్ రాసి, బొమ్మ సరిగ్గా వస్తోందా, వెలుగు ఎక్కువైందా తక్కువైందా అని ఒకసారి చూసుకుంటుంది. దానికి ఏదో ఒక మెడ కావాలి కనుక కోటు పై బొత్తం తీసి తన మెడ మీదే పెట్టుకుంటుంది. వంట చేసేవాళ్ళు ఉప్పు చూసినట్టే. తెరను ఒక్క క్షణం ఆపి, వెలుగు సరిచేసి, బొమ్మ చెరిపేసి, జెల్ తుడుచుకుని బొత్తం పెట్టుకుంటుంది. ఆ చేసేదంతా చేతులే చేస్తాయి, మనసు ఆ వేళకు మధ్యాహ్నం డబ్బాలో ఏం పెట్టుకున్నానా అని ఆలోచిస్తూ ఉంటుంది.

ఆ శనివారం యంత్రం బాగుచేసేవాడు వచ్చాడు. వాడు చేతులకంటే నోరు ఎక్కువ పనిచేసే రకం. ఏదో మార్చాడు, ఏదో ఎక్కించాడు, "ఇకమీదట మీ పని చాలా తేలికమ్మా" అంటూ అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. గొంతులమ్మ ఊఁ కొట్టి పంపించేసింది.

మంగళవారం పొద్దున కౌంటరు దగ్గర కూర్చునే టోకెనక్క కాగితాలు లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టింది.

"నిన్న ఎన్ని టోకెన్లిచ్చాను?"

"పద్దెనిమిది. రోజూ ఇచ్చేది అంతేగా అక్కా" అంది గొంతులమ్మ.

"మరి పందొమ్మిది రిపోర్టులొచ్చాయే."

మిగిలిన కాగితం మీద పేరు లేదు. వయసు దగ్గర సున్నా ఉంది. కింద డాక్టరమ్మ రాసింది: ఎడమవైపు గట్టి గడ్డ. బాగా నలుపు. గరుకు అంచులు. తొమ్మిది మిల్లీమీటర్ల వెడల్పు, పన్నెండు మిల్లీమీటర్ల నిలువు. లోపల తెల్లని చుక్కలు. మొత్తం పదమూడు మార్కులు. ఆలస్యం చేయకుండా సూది పరీక్ష చేయించాలి. రోగి పేరు రాసి పంపగలరు.

గొంతులమ్మ నిలబడే చదివింది. పదమూడు అంటే ఇక వేయడానికి పెద్దగా మార్కులు మిగలవు. అలాంటి గడ్డను నిన్న తను చూసి ఉంటే ఇవాళ గుర్తుండదా? "వేరే క్లినిక్ వాళ్ళది మనకొచ్చి ఉంటుంది" అంది టోకెనక్క. కానీ కాగితం మూల మీద ఉన్న నంబరు వీళ్ళ యంత్రానిదే. గదిలోకి వెళ్ళి యంత్రంలో నిన్నటి బొమ్మలన్నీ తిరగేసింది. పద్దెనిమిది మెడలు, పద్దెనిమిది పేర్లు. పందొమ్మిదోది ఎక్కడా లేదు.

బుధవారం మళ్ళీ పందొమ్మిది వచ్చాయి. అదే గడ్డ, అదే కొలత, పేరు లేదు, వయసు సున్నా. ఈసారి కింద ఇంకో వాక్యం ఉంది: ఈ రోగి మళ్ళీ వచ్చారు. విషయం వారికి చెప్పారా?

గొంతులమ్మ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. వచ్చారట. ఎప్పుడు వచ్చారు? ఎవరు పడుకోబెట్టారు? ఆ గదికి ఒకటే తలుపు, లోపల తను తప్ప ఇంకొకరుండరు. కిటికీకి నల్ల కాగితం అంటించి ఎన్నేళ్ళయిందో. ఆ రోజు మొదటిసారి ఆ చీకటి తనది కాదనిపించింది. ఒక రోగి లేచి వెళ్ళి, ఇంకో రోగి వచ్చే లోపల మంచం మీద పరిచిన కాగితం దానంతటదే గరగరమంది. ఎప్పుడూ అంటుంది, లేచినవాళ్ళ బరువు పోయాక కాగితం సర్దుకుంటుంది. తెలిసిన చప్పుడే. అయినా వెనక్కి తిరిగి చూసింది.

"నేను చెప్తే నవ్వుతావు గానీ," అంది టోకెనక్క మధ్యాహ్నం, అన్నం డబ్బా మూత పెడుతూ, "నీ గదిలోకి ఎవరో టోకెన్ లేకుండా వచ్చి పోతున్నారు. వయసు సున్నా అని ఎవరికి రాస్తారు చెప్పు. పుట్టనివాళ్ళకి రాయాలి, లేకపోతే పోయినవాళ్ళకి."

"పోయినవాళ్ళకి గడ్డ ఉంటే ఎంత, లేకపోతే ఎంత. నా భయం ఉన్నవాళ్ళ గురించి."

అది నిజమే. దయ్యమంటే ఆవిడకు అంత భయం లేదు. ఆవిడ భయమల్లా కండక్టరమ్మే. మెడలో పదమూడు మార్కుల గడ్డ పెట్టుకుని ఎవరో ఒక మనిషి ఈ ఊళ్ళో తిరుగుతోంది. బస్సెక్కుతోంది, నవ్వుతోంది, నీళ్ళు తాగుతోంది, ఆ మనిషికేమీ తెలియదు. చెప్పాల్సింది తను. చెబుదామంటే ఆ మనిషెవరో తెలియదు.

గురువారం వచ్చిన ప్రతి మెడలోనూ ఎడమవైపు రెండేసి సార్లు చూసింది. సోమవారం వచ్చినవాళ్ళందరికీ ఫోను చేసి, వీలైనవాళ్ళను మళ్ళీ రమ్మంది. పాపం, వాళ్ళు హడలిపోతూ వచ్చారు. ఎవరికీ ఏమీ లేదు. మధ్యాహ్నం విరామంలో భర్తను పిలిపించి మంచం మీద పడుకోబెట్టింది.

"ఏమైనా ఉందా?" అన్నాడాయన, కళ్ళు గట్టిగా మూసుకుని.

"రిపోర్టులో వస్తుంది."

"ఇంట్లోవాడికి కూడా రిపోర్టేనా?"

"మాట్లాడకండి, బొమ్మ కదులుతోంది. మింగండి."

ఆయన మెడ పసిపిల్లాడి మెడంత శుభ్రంగా ఉంది. గొంతులమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది, ఆ వెంటనే సిగ్గుపడింది. ఆయనకు లేదంటే ఇంకెవరికో ఉందనేగా.

శుక్రవారం కూడా ఆ పేరు లేని కాగితం వచ్చింది. ఈ వారంలో ఇది నాలుగోది. ఇప్పుడు వాక్యాలు బతిమాలుతున్నాయి: దయచేసి ఈ రోగికి చెప్పండి. ఇంకొక సంగతి, ఈ బొమ్మలో అన్నవాహిక కుడివైపు కనబడుతోంది. సాధారణంగా ఎడమవైపు ఉంటుంది. అరుదైన విషయం, గమనించగలరు.

ఇక ఆగలేక గొంతులమ్మ డాక్టరమ్మకు ఫోను చేసింది. ఇద్దరూ ఎప్పుడూ ఎదురుపడింది లేదు. కాగితం మీదే పరిచయం.

"ఆ పేరు లేని బొమ్మ మా యంత్రంలో లేదు మేడమ్. మీ దగ్గరున్నది నాకు ఒకసారి పంపిస్తారా?"

"మీ యంత్రం నుంచే వచ్చిందమ్మా, మీ దగ్గర లేకపోవడమేంటి?"

"అదే నాకూ తెలియడం లేదండి."

పని ముగించి కోటు కూడా విప్పకుండా బయలుదేరేసరికి బొమ్మ ఫోనులోకి వచ్చింది. వీధి మలుపులో ఆగి చూసింది. నడుమ ఊపిరిగొట్టం, దానికి రెండు పక్కలా థైరాయిడ్ రెక్కలు. ఎడమ రెక్కలో ఆ గడ్డ, తలుపు వెనక దాక్కున్న మనిషిలా నిలువుగా నిలబడి ఉంది. చెప్పినట్టే అన్నవాహిక కుడిపక్క నుంచి తొంగి చూస్తోంది. ఇరవై రెండేళ్ళలో అన్నవాహిక అలా ఉన్న మెడ ఒక్కటి కూడా ఆవిడ చేతి కిందికి రాలేదు. వస్తే మరిచిపోదు. కుడి ఎడమై, ఎడమ కుడి అయిన మనిషి ఎవరు? పక్కనుంచి పోతున్నవాళ్ళ మెడలన్నీ చూస్తూ నడిచింది. గుటక వేసే మెడలు, నవ్వే మెడలు, ఫోనులో పోట్లాడే మెడలు. దేనికీ మొహం లేదు.

దుకాణంలో భర్త ఒక చేత్తో చొక్కా పట్టుకుని టేపు కోసం వెతుకుతున్నాడు. టేపు ఎక్కడుందో చెప్పబోయి, గొంతులమ్మ ఎదురుగా ఉన్న అద్దంలోకి చూసింది. గిరాకీలు కొలత సరిపోయిందో లేదో చూసుకునే నిలువుటద్దం అది. అందులో తెల్లకోటుతో ఒక అలసిన ఆడమనిషి నిలబడి ఉంది. ఆవిడ కోటు జేబు, జేబులో పెన్ను ఆ మనిషికి కుడివైపు ఉన్నాయి.

గొంతులమ్మ చెయ్యి తన జేబు మీదికి వెళ్ళింది. జేబు ఎడమవైపే ఉంది. అద్దంలోని మనిషే తిరగబడి ఉంది.

ఎదుటి మనిషి మెడ మీద పెట్టే ప్రోబ్‌ను పొద్దున్నే అదే పట్టుతో తన వైపు తిప్పుకుంటుంది. తనకు తనే ఎదురవుతుంది. అలా తీసిన బొమ్మలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది.

బల్ల పట్టుకుని నిలబడి, మళ్ళీ డాక్టరమ్మకు ఫోను చేసింది.

"ఆ బొమ్మ మీకు ఎన్నింటికి వస్తోంది మేడమ్?"

"ఉండండి చూస్తాను. ఇవాళ ఏడూ యాభై రెండుకి. నిన్న ఏడూ యాభై మూడు. రోజూ నాకు వచ్చే మొదటి బొమ్మ అదే. మీరు అంత పొద్దున్నే రోగుల్ని తీసుకుంటారా?"

"తీసుకోనండి."

"మరి ఎవరిదమ్మా అది?"

"పేరు రేపు రాసి పంపిస్తాను మేడమ్."

బాగుచేసేవాడి మాటలు అప్పుడు చెవిలో పడ్డాయి, వారం ఆలస్యంగా. తెర ఆపితే చాలమ్మా, మీరు మీట నొక్కక్కర్లేదు, దానంతటదే డాక్టరు దగ్గరికి పోతుంది. అంటే తను చెరిపేసే లోపలే అది వెళ్ళిపోతోంది. ఇక్కడ చెరిపింది, అక్కడ మిగిలింది.

ఆవిడను వణికించింది గడ్డ ఒక్కటే కాదు. పన్నెండు మిల్లీమీటర్ల గడ్డ శనివారం నుంచి సోమవారం లోపల మొలవదు. ఏడాదిగానో, అంతకు ముందు నుంచో అది అక్కడే ఉంది. రోజూ పొద్దున్నే తెర మీదికి వచ్చి ఎదురుగా నిలబడింది. తను రోజూ దాని కళ్ళలోకి చూసినట్టే చూసి, వెలుగు సరిపోయిందా లేదా అని మాత్రం ఆలోచించి, తన చేత్తోనే చెరిపేసింది. నిలబడ్డదాన్ని నిలదియ్యమని అందరి మెడల్లోనూ నేర్చుకుంది. ఊళ్ళో అందరికీ ఫోన్లు చేసింది. తన మెడ ఆవిడ లెక్కలో యంత్రంలో ఒక భాగం, అంతే. తన మీద తనకు అంత కోపం ఎప్పుడూ రాలేదు, అంత జాలీ ఎప్పుడూ కలగలేదు.

"ఏమైంది? అలా పాలిపోయావేంటి?" అన్నాడు భర్త.

ఆవిడ ఆయన మెడలోంచి టేపు లాగి చేతిలో పెట్టింది. రోజూ అనే మాట మాత్రం అనలేదు. "రేపు పొద్దున నాతో క్లినిక్‌కి రండి."

"నిన్నేగా చూశావు నా మెడ."

"మీది కాదు."

ఆయన ఆ సాయంత్రం దుకాణం తొందరగా కట్టేశాడు.

మర్నాడు ఏడూ ముప్పావుకు ఇద్దరూ వెనక తలుపు లోంచి వచ్చారు. రోగుల తాలూకు మనుషులను ఆ గదిలోకి రానివ్వకూడదని తలుపు మీద అట్ట తగిలించింది తనే. ఆ అట్టను దాటించి భర్తను లోపల కూర్చోబెట్టింది. యంత్రం ఫ్యాను మూలిగినట్టు మోగి, తెర వెలిగింది. ఖాళీగా ఉన్న గడిలో తన పేరు కొట్టింది. ఇన్నేళ్ళలో ఆ తెర మీద తన పేరు చూడటం అదే మొదటిసారి. వయసు దగ్గర సున్నా చెరిపి యాభై ఒకటి వేసింది.

మంచం మీద పడుకుంది. అక్కణ్ణుంచి పైకి చూస్తే ఆ గది కప్పు మీద ఒక తేమ మరక ఉంది, అది ఆవిడకు తెలియనే తెలియదు. ఈ మరకను చూస్తూనా ఇంతమంది పడుకున్నది, అనుకుంది. జెల్ చల్లగా తగిలి ఉలిక్కిపడింది. ప్రోబ్‌ను ఈసారి సరిగ్గా తిప్పి పట్టుకుని, తల పక్కకు వాల్చి తెరను చూసింది. అన్నవాహిక ఉండాల్సిన ఎడమవైపే ఉంది.

"మింగండి," అంది అలవాటు చొప్పున.

చీకట్లో భర్త కూడా తనకే చెప్పిందనుకుని గుటక వేశాడు. తెర మీద గొంతంతా ఒకసారి పైకి లేచి కిందికి దిగింది. దానితో పాటు అదీ లేచింది, అదీ దిగింది, దిగి మళ్ళీ నిలబడింది.

గొంతులమ్మ తెర ఆపింది. వేలు అలవాటుగా చెరిపే మీట మీదికి పోయింది. చేతిని అక్కణ్ణుంచి తీసి, పొట్ట మీద పెట్టుకుంది. బయట ఎవరో షట్టరు ఎత్తుతున్న చప్పుడు వినబడింది.

"ఏమైనా ఉందా?" అన్నాడు భర్త.

ఇరవై రెండేళ్ళ జవాబు నాలుక చివరకు వచ్చేసింది. ఆవిడ దాన్ని మింగేసింది.

"ఉంది," అంది. "కుడివైపు."